పెన్ గారి రాజ్యంలో ఖర్చు ఎవరి పద్దు?

(సంఘ యువజనుల అధ్యయన గోష్ఠిలో ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసుకున్నది.)

అధ్యక్షులు పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, అమ్మలకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు వందనాలు.

ముందే ఒక మాట. నేను వాక్యం చెప్పడానికి రాలేదు. ఆ పని చేసేవారు ఇక్కడ ఉన్నారు. నేను చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి, అదే చెబుతాను.

మీరిచ్చిన అంశం "క్రీస్తు బోధల మీద నడిచే సమాజం ఎలా ఉంటుంది?" అని. ఇందాక టీ తాగుతూ నలుగురైదుగురు కుర్రాళ్లను అడిగాను, మీరేమనుకుంటున్నారని. బ్రాందీ షాపులు ఉండవన్నారు. లంచాలు ఉండవన్నారు. సినిమాలకు సెన్సారు గట్టిగా ఉంటుందన్నారు. ఒకబ్బాయి మాత్రం "ఆదివారం పూట పోటీ పరీక్షలు పెట్టరండీ" అన్నాడు. (నవ్వులు) అతని బాధ నాకు తెలుసు.

మనం ఊహించుకోవాల్సిన అవసరం లేదు. ఈ పని నిజంగా చేసి చూసినవాళ్లున్నారు. ఒక దేశమంత నేల చేతికి చిక్కి, చట్టాలు రాసే అధికారం చేతికొచ్చి, కొండమీది ప్రసంగాన్ని మనసులో పెట్టుకుని పరిపాలన మొదలుపెట్టినవాళ్లు. వాళ్ల కథ చెప్పుకుంటే మన ప్రశ్నకు జవాబు సగం దొరుకుతుంది. మిగతా సగం మీరు వెతుక్కోవాలి.

వాళ్లు క్వేకర్లు. 17వ శతాబ్దం నడిమిలో ఇంగ్లండులో పుట్టిన గుంపు. పాదిరి లేడు, బలిపీఠం లేదు, పాటల్లేవు. ఒక గదిలో చేరి మౌనంగా కూర్చుంటారు, ఆత్మ ప్రేరేపిస్తే ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, ఆడవాళ్లయినా సరే. యుద్ధం చెయ్యరు. ఒట్టు పెట్టుకోరు. మత్తయి 5వ అధ్యాయంలో "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను" అని ఉంది కదా, దాన్ని వాళ్లు ఉన్నదున్నట్టు తీసుకున్నారు. కోర్టులో ప్రమాణం చెయ్యమంటే చెయ్యమన్నారు. పెద్దమనుషుల ముందు టోపీ తియ్యమంటే, దేవుడి ముందు తప్ప తియ్యమన్నారు. ఇలాంటివాళ్లను ఏ ప్రభుత్వం సహిస్తుంది? వేలమంది జైళ్లకు పోయారు.

వాళ్లలో విలియం పెన్ అని ఒక కుర్రవాడు. 1644లో పుట్టాడు. తండ్రి నౌకాదళంలో అడ్మిరల్, రాజుగారికి కావలసిన మనిషి. కొడుకు చూస్తే ఈ క్వేకర్లలో కలిశాడు. తండ్రి కోపం మీరు ఊహించుకోండి.

1670 ఆగస్టులో లండన్ వీధిలో ప్రసంగం చేశాడని అతన్నీ, విలియం మీడ్ అనే ఆయన్నీ పట్టుకుని ఓల్డ్ బెయిలీ కోర్టులో నిలబెట్టారు. లోపలికి వచ్చేటప్పుడు వాళ్ల నెత్తిన టోపీలు లేవు. అధికారులు టోపీలు తెచ్చి పెట్టించారు. పెట్టగానే జడ్జీలు, కోర్టులో టోపీ పెట్టుకున్నందుకు జరిమానా అన్నారు! (నవ్వులు) పెన్ ఊరుకోలేదు. నేను ఏ చట్టం కింద నేరం చేశానో ఆ చట్టం చూపించండి అన్నాడు. చూపించలేదు. జ్యూరీలో పన్నెండుమంది ఉన్నారు, వాళ్లలో ఎడ్వర్డ్ బుషెల్ అనే ఆయన మొండివాడు. పెన్‌ది నేరం కాదన్నారు. తీర్పు మార్చుకునేదాకా మీకు తిండి లేదు, నీళ్లు లేవు, చలిమంట లేదని ఆ పన్నెండుమందిని గదిలో పెట్టి తాళం వేశారు. మార్చుకోలేదు. నేరం లేదని తేలాక కూడా జ్యూరీకి జరిమానా వేసి, కట్టని వాళ్లను జైలుకు పంపారు. బుషెల్ పైకోర్టుకెక్కి గెలిచాడు. తీర్పు నచ్చలేదని జ్యూరీని శిక్షించకూడదనే సూత్రం అక్కడ స్థిరపడింది. ఆ పన్నెండుమంది క్వేకర్ల గుంపులోవాళ్లు కారు, మామూలు లండన్ జనం. పక్కవాడి మనస్సాక్షి కోసం పస్తులున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

అప్పటికే అట్లాంటిక్ అవతల బోస్టన్‌లో ఇంకో "క్రైస్తవ సమాజం" నడుస్తోంది. 1630లో ప్యూరిటన్లు కట్టుకున్నది. భక్తిపరులే, నిజాయితీపరులే. ఇంగ్లండులో హింస పడలేక వచ్చినవాళ్లే. సంఘ సభ్యత్వం ఉన్న మగవాళ్లకే ఓటన్నారు. యాభై ఇళ్లున్న ప్రతి ఊళ్లో చదువు చెప్పే పంతులు ఉండాలని 1647లో చట్టం చేశారు, పిల్లలు లేఖనాలు చదవాలని. చాలా మంచి చట్టం. ఆ ఊళ్లోకి క్వేకర్లు వస్తే ఏం చేశారు? కొరడాలతో కొట్టారు, చెవులు కోశారు, ఊరు దాటించారు. మేరీ డయ్యర్ అనే ఆవిడకు 1659లో మెడకు ఉరితాడు వేసి, చివరి నిమిషంలో వదిలారు. ఆవిడ మళ్లీ వచ్చింది. 1660 జూన్ 1న ఉరి తీశారు. ప్రార్థన చేసుకునేవాళ్లే తీశారు.

అంచేత "క్రైస్తవ సూత్రాలు" అనగానే, ఏ సూత్రాలు, ఎవరి మీద అని అడగాలి. బోస్టన్ కథ ఇక్కడితో వదిలేస్తాను. తప్పు ఎక్కడుందో అందరికీ కనిపించే కథలో నేర్చుకునేది తక్కువ. పెన్ కథ అలా కాదు.

చార్లెస్ రాజుగారు అడ్మిరల్ పెన్‌కి 16,000 పౌండ్లు బాకీ. అడ్మిరల్ చనిపోయాడు. రాజుగారి దగ్గర డబ్బు లేదు, అమెరికాలో నేల ఉంది. 1681 మార్చి 4న ఆ బాకీ కింద కొడుక్కి ఒక ప్రాంతం రాసిచ్చాడు. ఎంత ప్రాంతం? నేటి పెన్సిల్వేనియా మన తెలంగాణ రాష్ట్రం కంటే కాస్త పెద్దది. అంత నేల ఒక్క మనిషికి! "సిల్వేనియా" అంటే అడవుల నేల అని పెట్టుకుందామనుకున్నాడు. రాజుగారు ముందు "పెన్" తగిలించారు, వాళ్ల నాన్న గౌరవార్థం. జనం నా పేరే పెట్టుకున్నానని అనుకుంటారని ఇతనికి సిగ్గేసింది. పేరు మార్పించడానికి కింది కార్యదర్శికి ఇరవై గినీలు ఇవ్వబోయానని, ఆయన కదల్లేదని తనే ఉత్తరంలో రాసుకున్నాడు. దైవరాజ్యం కట్టబోతూ మొదటి రోజే గుమాస్తాకు లంచం! (నవ్వులు) పాపం, గొప్ప పేరు తీసేయించుకోవడానికి ఇవ్వజూపిన లంచం, అది కూడా చూడాలి.

ఇక చట్టాలు. ఇవి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇందాక మీరు చెప్పినవాటిలో ఇలాంటివి ఒక్కటీ లేవు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో దొంగతనానికి కూడా ఉరి వేసేవారు. 1682 డిసెంబరులో చెస్టర్ అనే ఊళ్లో చేసిన చట్టంలో కావాలని చేసిన హత్యకు తప్ప మరణశిక్ష లేదు. జైల్లో ఖైదీ తన తిండికి, బసకి జైలరుకు డబ్బు కట్టుకోవాలి అప్పట్లో. పెన్ జైళ్లు చూసినవాడు కదా, ఆ ఫీజులు తీసేశాడు. అన్యాయంగా జైల్లో పెడితే నష్టానికి రెట్టింపు వసూలు చేసుకోవచ్చు. హంతకుడి ఆస్తి రాజుకు పోదు, మూడోవంతు చనిపోయినవాడి బంధువులకు, మిగతాది హంతకుడి బంధువులకు. ఎందుకంటే వాడి పెళ్లాం బిడ్డలు చేసిన పాపమేముంది? కోర్టులో ఎవరి కేసు వాళ్లు చెప్పుకోవచ్చు, అర్జీ మామూలు మాటల్లో, చిన్నదిగా ఉండాలి. పన్నెండేళ్లు వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఏదో ఒక చేతిపని నేర్పాలి. పేదవాడు పని చేసుకుని బతకాలి, డబ్బున్నవాడు చితికిపోతే ఇబ్బంది పడకూడదు, అందుకని. డబ్బున్నవాడి కొడుక్కి కూడా వడ్రంగమో కమ్మరమో నేర్పమన్నమాట. యేసు ప్రభువు వడ్రంగి కొడుకని మనం ప్రతి క్రిస్మస్‌కీ చెప్పుకుంటాం. మన పిల్లవాడు వడ్రంగం నేర్చుకుంటానంటే మనం ఏమంటాం? సరే, అది వదిలేయండి.

అడవి గురించి ఒక షరతు పెట్టాడు. ఐదెకరాలు నరికితే ఒక ఎకరం చెట్లు వదలాలి. 1681లో!

అక్కడ ముందు నుంచీ ఉన్నవాళ్లు లెనాపె ప్రజలు, డెలావేర్లు అని కూడా అంటారు. రాజుగారు కాగితం మీద ఇచ్చేశాడు కదా, నేల నాదే అనలేదు పెన్. మళ్లీ వాళ్ల దగ్గర కొనుక్కున్నాడు. వాళ్లకూ వలసవచ్చినవాళ్లకూ తగాదా వస్తే, ఇటునుంచి ఆరుగురు అటునుంచి ఆరుగురు కూర్చుని తేల్చాలని నియమం. ఇంగ్లీషువాళ్లలో ఈ ఆలోచన వచ్చినవాళ్లు ఎంతమంది చెప్పండి? సైన్యం పెట్టలేదు. కోటలు కట్టలేదు. దాదాపు డెబ్బై ఏళ్లు ఆ కాలనీలో వాళ్లతో యుద్ధం లేదు. చాలా కాలనీలు రక్తం కక్కుతున్న కాలం అది.

ఒకే దేవుణ్ణి నమ్మే ఎవరి ఆరాధనకూ అడ్డు లేదన్నారు. కానీ పదవులకు వచ్చేసరికి క్రీస్తును నమ్మేవారికే అన్నారు. యూదుడు ప్రార్థన చేసుకోవచ్చు, చట్టసభలో కూర్చోకూడదు. అక్కడే ఒక చిన్న బీట కనిపిస్తోంది కదా?

అవును, వాళ్లూ నిషేధాలు పెట్టారు. పేకాట, పాచికలు, నాటకాలు, కోడిపందేలు, తాగుడు, అన్నీ వద్దన్నారు. మన గోదావరి జిల్లాలవాళ్లు సంక్రాంతికి అక్కడ ఉండి ఉంటే కష్టమయ్యేది. (నవ్వులు) ఈ నిషేధాల వల్ల పెన్సిల్వేనియా ఏమైనా పుణ్యభూమి అయిందా అంటే, నాకు ఆధారాలేమీ కనబడలేదు. జనం తాగారు, ఆడారు. ఫిలడెల్ఫియా రేవు పట్నం. ఆ దేశానికి పేరు తెచ్చింది ఈ చట్టాలు కావు, ఇందాక చెప్పినవి.

ఇప్పుడు బీటల సంగతి.

1684లో "ఇసబెల్లా" అనే ఓడ ఫిలడెల్ఫియా రేవుకు వచ్చింది. అందులో ఆఫ్రికా నుంచి తెచ్చిన నూట యాభైమంది బానిసలు. కొన్నది ఎవరు? అడవి నరకడానికి మనుషులు దొరకని క్వేకర్ రైతులు, క్వేకర్ వ్యాపారులు. ఎగబడి కొన్నారు. పెన్ గారికే బానిసలున్నారు. టోపీ తియ్యనన్న మనిషి, ఒట్టు పెట్టనన్న మనిషి, అందరిలో దేవుని వెలుగు ఉందన్న మనిషి.

నాలుగేళ్లకి, 1688 ఫిబ్రవరిలో, జర్మన్‌టౌన్ అనే పల్లెలో నలుగురు మనుషులు ఒక కాగితం రాశారు. పాస్టోరియస్ అనే ఆయన చేతిరాత. వాళ్లకు ఇంగ్లీషు సరిగ్గా రాదు, అక్షరదోషాలతోనే రాశారు. సారాంశం ఏమిటంటే: మిమ్మల్ని ఎవరైనా ఇలా పట్టుకుని అమ్మితే మీకు సమ్మతమేనా? యూరపులో మనస్సాక్షి కోసం మనల్ని హింసించారు, ఇక్కడ నల్లవాళ్లను రంగు కోసం హింసిస్తున్నాం. ఈ దేశం సంగతి యూరపులో తెలిస్తే ఏమనుకుంటారు? ఇంత సూటిగా రాశారు.

ఆ కాగితం ఏమైంది? స్థానిక కూడిక చూసింది. ఇది చాలా బరువైన విషయం, మా స్థాయిలో తేలదు, పై కూడికకు పంపుతున్నాం అంది. ఆ పై కూడిక కూడా అదే అంది. బర్లింగ్టన్‌లో జరిగిన సంవత్సర కూడిక, దీనిమీద ఇప్పుడు నిర్ణయం చెప్పడం సముచితం కాదు అని పక్కన పెట్టేసింది. ఎవరూ తప్పనలేదు, గమనించండి. ఎవరూ కాదనలేదు. ఫైలు అటూ ఇటూ తిరిగి అటకెక్కింది. మళ్లీ 1844లో పాత కాగితాల్లో దొరికింది. తాలూకా ఆఫీసుల చుట్టూ తిరిగిన పెద్దలు ఇక్కడున్నారు, మీకు నేను వివరించనక్కర్లేదు.

ఇంకొక బేరం చెబుతాను. నా లెక్కలో ఈ కథ మొత్తంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, దీన్ని చాలామంది చరిత్రకారులు రెండు వాక్యాల్లో దాటేస్తారు. ప్రమాణం చెయ్యకపోతే జ్యూరీలో కూర్చోవడానికీ, క్రిమినల్ కేసుల్లో సాక్ష్యం చెప్పడానికీ ఇంగ్లండు చట్టం ఒప్పుకోదు. క్వేకర్లు నిండిన ఊళ్లో కోర్టులు నడవడం కష్టమైంది. 1718లో ఒక ఒప్పందం కుదిరింది. ఒట్టుకు బదులు "నేను చెప్పేది నిజం" అంటే చాలు, దాన్ని లండన్ ఒప్పుకుంటుంది. బదులుగా పెన్సిల్వేనియా ఇంగ్లండు శిక్షాస్మృతిని తీసుకుంటుంది. హత్యకు తప్ప ఉరి లేదన్న చోట పదికి పైగా నేరాలకు ఉరి వచ్చింది. దోపిడీకి ఉరి. ఇంటికి కన్నం వేస్తే ఉరి. ఇల్లు తగలబెడితే ఉరి.

క్వేకర్ల మనస్సాక్షి నిలబడింది. దాని ఖర్చు ఎవరి పద్దులో పడింది? దొంగతనం చేసే పేదవాడి మెడ మీద. లండన్ జ్యూరీలో ఆ పన్నెండుమంది తమ కడుపు మాడ్చుకుని పెన్ మనస్సాక్షిని కాపాడారు. ఇక్కడ పెన్ మనుషులు ఇంకొకడి ప్రాణం ఇచ్చి తమ మనస్సాక్షిని కాపాడుకున్నారు. ఆ ఏడాదే పెన్ చనిపోయాడు. అతను అప్పటికి ఏళ్ల తరబడి మంచం మీద ఉన్నాడు, అతన్ని అనను. కాలనీ వల్ల అతనికి మిగిలింది అప్పులే. శిస్తు కట్టమంటే సాటి విశ్వాసులే ఎగ్గొట్టారు. 1708లో బాకీల కింద జైల్లో కూడా ఉన్నాడు.

నేను అడగమంటున్న ప్రశ్న ఇదొక్కటే. ఒక చట్టం వాక్యానుసారమా కాదా అని చర్చ పెట్టుకుంటే తెల్లార్లూ సాగుతుంది, ఇరువైపులా వచనాలు దొరుకుతాయి. దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడండి. నమ్మినవాడు భరిస్తే ఒక రకం సమాజం వస్తుంది. నమ్మినవాడు పక్కవాడి చేత కట్టిస్తే వచ్చేది వేరు. బ్రాందీ షాపు మూస్తే ఖర్చు నాకేముంది? నేను తాగను! ఆదివారం పరీక్ష తీసేస్తే లాభమే. ఇందాక మీరు చెప్పినవాటిలో లంచం ఒక్కటే మన జేబుకు తగిలేది. అది కూడా ఇచ్చేవాళ్లుగా ఆలోచించారో పుచ్చుకునేవాళ్లుగా ఆలోచించారో నేను అడగను. (నవ్వులు)

పెన్ కొడుకులు వచ్చారు. థామస్ అనే ఆయన తండ్రి గుంపు వదిలేసి రాజుగారి సంఘం, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండు, వైపు వెళ్లిపోయినవాడు. అప్పులు తీర్చాలి, నేల అమ్ముకోవాలి, నేలేమో లెనాపె వాళ్లది. 1686 నాటిదంటూ ఒక కాగితం తీశారు. అసలు దస్తావేజు లేదు, నకలు. మనిషి ఒకటిన్నర రోజు నడిచినంత మేర మీ పెద్దలు మా నాన్నకు అమ్మారు అన్నారు. నడవడమంటే వాళ్ల లెక్క వేరు. ఆగుతూ, వండుకుంటూ, ఏటి ఒడ్డున కూర్చుంటూ నడిచే నడక. 1737 సెప్టెంబరులో పెన్ కొడుకులు ముందే అడవిలో బాట చేయించి, ముగ్గురు గట్టి మనుషుల్ని కూలికి పెట్టి పరుగెత్తించారు. ఇద్దరు మధ్యలో పడిపోయారు. ఎడ్వర్డ్ మార్షల్ అనేవాడు గడువు ముగిసేసరికి 60 మైళ్లు దాటాడు. అక్కడినుంచి సరిహద్దు గీత కూడా తమకు లాభంగా ఏటవాలుగా గీసుకున్నారు. 12 లక్షల ఎకరాలు పోయాయి. మన జిల్లాల్లో సర్వేరాయి రాత్రికి రాత్రి జరిగిన కథలు మీరు విని ఉంటారు. ఇది వాటికి తాత.

అయినా చట్టసభలో ఇంకా క్వేకర్లదే బలం. గుండె గుండెలో లేదు వాళ్లకి. రాజుగారు యుద్ధానికి డబ్బు అడుగుతాడు. ఇవ్వలేరు, ఇవ్వకుండా ఉండలేరు. అందుకని "రాజుగారి అవసరాలకు" అని పేరు పెట్టి ఇచ్చేవారు. 1745లో ఒకసారి తుపాకిమందు కొనాలి. రొట్టె, మాంసం, పిండి, గోధుమలు, ఇతర గింజల కోసం అని 4,000 పౌండ్లు మంజూరు చేశారు. ఆ "ఇతర గింజలు" ఏమిటో గవర్నరుకు తెలుసు, వీళ్లకూ తెలుసు. తుపాకిమందు కూడా గింజలుగానే ఉంటుంది కదా! ఈ ముచ్చట బెంజమిన్ ఫ్రాంక్లిన్ చెప్పినదే. అధికారంలో ఉన్న భక్తిపరుడికి ఇలాంటి తెలివి ఎక్కడినుంచి వస్తుందో మరి.

1755లో అంతా బద్దలైంది. నేల పోగొట్టుకున్న లెనాపె వాళ్లు ఫ్రెంచివాళ్లతో కలిసి సరిహద్దు పల్లెల మీద పడ్డారు. ఇళ్లు తగలబడ్డాయి, పిల్లలు చచ్చిపోయారు. 1756 ఏప్రిల్‌లో గవర్నరు యుద్ధం ప్రకటించి, శత్రువుల నెత్తిచర్మాలు తెచ్చినవారికి డబ్బిస్తానన్నాడు. ఆడవాళ్ల నెత్తిచర్మానికి కూడా రేటు పెట్టాడు.

అప్పుడు జూన్‌లో జేమ్స్ పెంబర్టన్‌తో కలిపి ఆరుగురు క్వేకర్ సభ్యులు రాజీనామా ఇచ్చి వచ్చేశారు. కొందరు ఉండిపోయారు. కానీ ఆ తర్వాత క్వేకర్ల చేతికి ఆ రాజ్యం మళ్లీ పూర్తిగా రాలేదు. పుస్తకాల్లో దీన్ని "పవిత్ర ప్రయోగం విఫలమైంది" అని రాస్తారు. నేను ఒప్పుకోను. బయటికి వచ్చినవాళ్లు ఇంట్లో కూర్చోలేదు. సొంత డబ్బు చందాలు వేసుకుని ఒక శాంతి సంఘం పెట్టి, లెనాపె వాళ్లతో మాటలు మొదలుపెట్టారు, నడక పేరుతో జరిగిన మోసం విచారణకు వచ్చేలా చూశారు. గవర్నరు తిట్టాడు, పక్క సంఘాలవాళ్లు ద్రోహులన్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి ఖర్చు వాళ్ల పద్దులో పడింది.

అదే కాలంలో బానిసల సంగతి కూడా తేలింది. దానికి ముందు ఒక మనిషిని మీకు చూపించాలి. బెంజమిన్ లే. నాలుగడుగుల మనిషి, గూని. బార్బడోస్‌లో బానిసలను చూసి మనసు విరిగినవాడు. ఫిలడెల్ఫియా దగ్గర గుహలాంటి ఇంట్లో ఉంటూ, తన బట్ట తనే నేసుకుంటూ, బానిసల చాకిరీతో తయారైన చక్కెర ముట్టకుండా బతికాడు. 1738లో సంవత్సర కూడిక జరుగుతోంది. పెద్దపెద్ద కోట్లవాళ్లు, చాలామందికి బానిసలున్నారు. లే మామూలు క్వేకర్ అంగీ కప్పుకుని వచ్చాడు. లేచి, అంగీ విసిరేశాడు. లోపల సైనికుడి వేషం, నడుముకు కత్తి! శాంతి మనుషుల మధ్య కత్తి. చేతిలో బైబిలులా కనిపించే పుస్తకం. దాని లోపల బోలుగా తొలిచి, ఎర్రటి పండ్లరసం నింపిన తిత్తి దాచాడు. సాటి మనిషిని బానిస చేసినవాడి రక్తం దేవుడు ఇలా చిందిస్తాడని అరిచి పుస్తకంలోకి కత్తి పొడిచాడు. ఆ ఎరుపు పక్కన కూర్చున్న పెద్దమనుషుల బట్టల మీద చిమ్మింది. ఎత్తుకుపోయి బయట పడేశారు. సభ్యత్వం తీసేశారు.

ఇంకొకాయన జాన్ వుల్మన్. దర్జీ. ఈయన అరవడు. ఊరూరా తిరుగుతూ క్వేకర్ల ఇళ్లలో దిగేవాడు. తెల్లారి వెళ్లేటప్పుడు, తనకు నీళ్లు పెట్టిన, పక్క వేసిన బానిసలకు కూలి చేతిలో పెట్టి వెళ్లేవాడు. ఆతిథ్యానికి ఎవరైనా డబ్బిస్తారా? ఆ ఇంటాయనకు ఎంత నామోషీగా ఉంటుందో చూడండి. ఒక్క మాట తిట్టకుండా!

1758లో సంవత్సర కూడిక కదిలింది. బానిసలను కొన్నా అమ్మినా సంఘ వ్యవహారాల్లో చోటు లేదంది. వుల్మన్ లాంటి వాళ్లను కమిటీ వేసి, బానిసలున్న ప్రతి సభ్యుడి ఇంటికీ పంపింది. ఆ కబురు ముసలి బెంజమిన్ లేకి చేరితే, ఇక నేను నిశ్చింతగా చనిపోవచ్చు అన్నాడట. మరుసటి ఏడాది పోయాడు. 1776 నాటికి బానిసను వదలనివాడికి సంఘంలో సభ్యత్వం లేదు. వదిలినవాళ్లలో కొందరు, అన్నేళ్లు చేయించుకున్న చాకిరీకి కూలి లెక్కగట్టి ఇచ్చారు కూడా. జర్మన్‌టౌన్ కాగితం నుంచి లెక్కేస్తే 88 ఏళ్లు పట్టింది. రాజ్యం చేతిలో ఉన్న రోజుల్లో కానిది, రాజ్యం వదిలాక ఇరవై ఏళ్లలో అయింది.

ఇంటింటికీ వెళ్లే ఆ కమిటీ సంగతి నాకు తరచూ గుర్తొస్తుంది, మన సంఘాల్లో ఒక విషయం చూసినప్పుడల్లా. ప్రభువు బల్ల దగ్గర అందరం ఒకటే అంటాం. సమాధుల తోటలో కొన్ని ఊళ్లలో వరుసలు వేరు. పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి "మనవాళ్లేనా?" అని గొంతు తగ్గించి అడుగుతాం. దానిమీద తీర్మానాలు చాలా చేశాం. కులం చూసి సంబంధం చేసుకున్న పెద్దమనిషి ఇంటికి ఇద్దరు సంఘపెద్దలు వెళ్లి కూర్చుని మాట్లాడిన రోజు నాకైతే తెలియదు. అలా వెళ్తే ఆయన ఇచ్చే చందా పోతుంది. ఖర్చు అదీ.

పాస్టరు గారు గడియారం చూస్తున్నారు. ఒక చీటీ వచ్చింది, చదువుతాను. "అయితే క్రైస్తవులు రాజకీయాల్లోకి పోకూడదంటారా?"

అలా అనలేదమ్మా. పెన్ పోబట్టే ఖైదీకి ఫీజు తప్పింది, అడవిలో ఆరో ఎకరం మిగలాలన్నారు. వెళ్లండి, పోటీ చెయ్యండి. ఆరుగురు బయటికి వచ్చిన రోజున మంచి చట్టాలు చెయ్యడం ఆగిపోలేదు కూడా. 1780 మార్చి 1న పెన్సిల్వేనియా చట్టసభ బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసే చట్టం చేసింది. అమెరికాలో ఒక చట్టసభ అలాంటిది చెయ్యడం అదే మొదలు. అప్పటికి సభలో క్వేకర్ల బలం లేదు, ఎక్కువమంది వేరే సంఘాలవాళ్లు. చట్టం గొప్పదేమీ కాదు. ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్లకే వర్తిస్తుంది, అదీ 28 ఏళ్లు చాకిరీ చేశాక. యజమానికి నష్టం రాకుండా, ఖర్చంతా ఆ పిల్లల వయసు మీద వేశారు. అదైనా ఊరికే రాలేదు. ఆంథొనీ బెనెజెట్ అని ఒక బడిపంతులు ఉండేవాడు, క్వేకరు. నల్లవాళ్ల పిల్లలకు 1750 నుంచి రాత్రిపూట తన ఇంట్లో చదువు చెప్పినవాడు. ఏ పదవీ లేదు. అరవై ఏడేళ్ల వయసులో సభ్యుల ఇళ్ల చుట్టూ తిరిగాడు, తలుపు తట్టి ఒక్కొక్కరితో మాట్లాడుతూ.

ఇంకా చీటీలుంటే పంపండి.